లార్చ్ చెట్టు దాటితే నువ్వు

మా కొండ మీద, లాగుడు లిఫ్టు దారిలో సగం దూరం ఎక్కాక, ఎడమ పక్కన ఒక లార్చ్ చెట్టుంది. ఆ చెట్టుకు దిగువన డాక్టరుగారు డాక్టరుగారే, జడ్జిగారు జడ్జిగారే, అందరూ మీరు. చెట్టు దాటారా, ఇక అందరూ నువ్వే. పైన ఎవరినైనా మీరు అన్నామంటే వాళ్ళ మీద ఏదో కోపం ఉందన్నమాట. మా అమ్మమ్మ కాలానికే ఈ పద్ధతి ఉంది.

మా లిఫ్టు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. కదిలే తాడుకు అడ్డకర్రలు వేలాడుతుంటాయి. ఇద్దరు పక్కపక్కన స్కీల మీద నిలబడి, కర్రను నడుం కింద ఆనించుకుంటే, అది మంచు మీద పైదాకా లాక్కుపోతుంది. ముక్కూ మొహం తెలియనివాడితో భుజం భుజం రాసుకుంటూ పోతూ మీరు, తమరు అనడం ఎలా కుదురుతుంది?

నా పేరు బుర్గి ఎగ్గర్. ఎండాకాలం ఆవులు, చలికాలం ఈ లిఫ్టు. కింద నిలబడి, వచ్చేవాళ్ళ వెనక కర్ర పెట్టడం నా పని. ఇన్నేళ్ళలో మంచు పల్చబడిపోయింది. ఇప్పుడు ఎండుగడ్డి మధ్య మిషన్లు చల్లిన తెల్లటి పట్టీ మీద జారుతున్నాం. మనుషులూ మారారు. తలకు హెల్మెట్, కళ్ళకు అద్దాలు, చెవుల్లో పాటలు. పక్కవాడితో పలికేవాడు లేడు. నిరుడు పట్నం కంపెనీ లిఫ్టును కొన్నాక ఇంకో ముచ్చట మొదలైంది. అతిథులను ఎక్కడైనా సరే మీరు అనే పిలవాలట. క్రిస్మస్‌కు ముందు, పక్క లిఫ్టులో పనిచేసే ట్రౌడి ఎవరినో నువ్వు అన్నదని ఉద్యోగం పీకేశారు. పాపం, ఇప్పుడు సూపర్‌మార్కెట్లో సీసాలు సర్దుకుంటోంది. నాకా గతి పడితే పిచ్చెక్కిపోతుంది. నాలుగు గోడల మధ్య చలికాలం గడపడం నా వల్ల కాదు.

కానీ నా నోరు ఊరుకోదుగా!

కార్నివాల్ పండగ సెలవుల్లో జనం కిటకిటలాడుతున్న ఒక పొద్దున, హెల్మెట్ పెట్టుకున్న ఒకాయన ఒంటరిగా వచ్చాడు. కర్ర పెట్టానో లేదో దాని మీద హాయిగా కూర్చోబోయాడు.

"కూర్చోకురా నాయనా! అది మీ ఇంట్లో సోఫా కాదు. ఆనుకో!"

ఆయన వెల్లకిలా పడ్డాడు. వెనక వస్తున్న ఇద్దరూ ఆయన మీద పడ్డారు. నాకు ఒళ్ళు మండింది. లిఫ్టు ఆపి, కాలర్ పట్టుకుని లేపాను.

"ఇంత మనిషివి, కర్రకు ఆనుకోవడం చేతకాదా నీకు?"

ఆయన మంచు దులుపుకుని, రెండో కర్ర పట్టుకుని పైకి పోయాడు. కాసేపటికి పైన లిఫ్టు చూసుకునే లోయిస్ ఫోన్ చేశాడు. పడీ పడీ నవ్వుతున్నాడు.

"బుర్గీ, ఎవరినే తల్లీ కాలర్ పట్టుకుని లేపావు?"

"ఎవడో ఎద్దు."

"ఆ ఎద్దు మన కొత్త డైరెక్టరు థాలర్‌గారు. దిగగానే నీ పేరు అడిగాడు."

ఇక నాకూ సూపర్‌మార్కెట్లో సీసాలే అనుకున్నాను. పైగా నేను నిలబడింది చెట్టుకు కింద. కంపెనీ లెక్కలోనే కాదు, మా ఊరి లెక్కలోనూ నాది తప్పే.

మర్నాడు ఆయనే వచ్చాడు. "శ్రీమతి ఎగ్గర్, మీతో మాట్లాడాలి. పైకి వస్తారా?" అన్నాడు. పనిని ఇంకొకరికి అప్పగించి స్కీలు తగిలించుకున్నాను. ఈసారి ఆయన బుద్ధిగా ఆనుకున్నాడు. ఇద్దరం ఒకే కర్ర మీద బయలుదేరాం.

"నిన్నటిది తప్పేనండీ. క్షమించండి," అన్నాను.

చెట్టు దాటాం.

"నువ్వు ఈ లిఫ్టులో చేరి చాలా కాలమైందా?" అన్నాడు.

"చాలా ఏళ్ళయిందండీ. మీరు..."

ఆయన మొహం చిన్నబోయింది. ఇంకాస్త దూరం వెళ్ళాక నా వైపు తిరిగాడు.

"బుర్గీ, నిన్న కింద నన్ను నువ్వు అన్నావు. ఇవాళ పైన మీరు అంటున్నావు. ఇంత కోపమా నా మీద?"

కర్ర మీంచి జారిపోబోయి తమాయించుకున్నాను. "నీకీ సంగతి ఎలా తెలుసు?"

"నాది పక్క లోయే. మా దగ్గర మీరుకూ నువ్వుకూ మధ్య హద్దు ఇంకా కిందే ఉంటుంది."

"మరి కర్ర మీద ఎందుకు కూర్చున్నావు?"

"పట్నం వెళ్ళాక అన్నీ కుర్చీల లిఫ్టులే ఎక్కాను. అలవాటు కొద్దీ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చాను అనుకో."

ఇద్దరం నవ్వుకున్నాం. పైన గుడిసెలో బార్లీ సూప్ తాగాం. లోయిస్ గుడ్లప్పగించి చూస్తున్నాడు. నేను ఉండబట్టలేక, "నా ఉద్యోగం ఉంటుందా?" అని అడిగాను.

"పని మాటలు చెట్టుకు కింద," అన్నాడు.

సూప్ గిన్నె పక్కన పెట్టేశాను. నిజమే, పైన అన్న నువ్వు కింద చెల్లదు. జడ్జిగారు నాతో నవ్వుతూ పైకి వచ్చి, కోర్టులో మా బావకు శిక్ష వేయలేదూ? కిందికి జారుతుంటే ఆ చెట్టు ఎప్పుడూ లేనంత తొందరగా వచ్చేసింది. దాని పక్కన ఆగి, బూటు వదులైందన్న వంకతో వంగాను. ఆయన చెట్టు దాటి కొంచెం కింద నిలబడి నా కోసం చూస్తున్నాడు. ఎంతసేపని వంగి ఉంటాను? వెళ్ళాను.

ఆయన కళ్ళద్దాలు తీశాడు.

"శ్రీమతి ఎగ్గర్, ఈ కర్రల లిఫ్టు తీసేసి కంపెనీ కుర్చీల లిఫ్టు ఎలాగూ పెడుతుంది. అది నా చేతిలో లేదు. అది వచ్చినా ఇక్కడ నిలబడేది మీరే. అతిథులను మీరు అనాలన్న నియమం ఇకపై చెట్టు దాకానే. ట్రౌడి గారిని కూడా రమ్మని కబురు పెట్టాను. మీరు రేపు ఎప్పటిలాగే వస్తారు కదా?"

అన్నిసార్లు మీరు అన్నాడు. ఒక్కో మీరుకూ నా ప్రాణం కాస్త కాస్త లేచి వచ్చింది. చెప్పొద్దూ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చలికన్నట్టు ముక్కు తుడుచుకున్నాను.

"వస్తానండీ," అన్నాను. "మీరు మాత్రం దయచేసి ఆనుకోండి. కూర్చోకండి."