పదిహేడో నమూనా

హన్మమ్మ మూత్రం నమూనా ఫలితం చూసినప్పుడు, పరీక్ష చేసిన నస్రీన్ ముందు తన చేతినే అనుమానించింది. కాల్షియం పని అలాంటిది. గాలిలో దుమ్ము, గోడకు సున్నం, నల్లా నీళ్లు, ఎక్కడ చూసినా అదే. నలుసంత పడ్డా కొలత చెడుతుంది. అందుకే హైదరాబాద్‌లోని ఆ ప్రయోగశాలలో తల నుంచి కాళ్ల దాకా తొడుగు వేసుకుని, ఆమ్లంతో కడిగిన గిన్నెల్లో మూత్రాన్ని శుద్ధి చేసి, అప్పుడు మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెడతారు. బరువైన కాల్షియం ఎంత, తేలికైనది ఎంత, యంత్రం నిష్పత్తి చెబుతుంది. ఎముక తేలికైనదాన్ని తనలో దాచుకుంటుంది. ఎముక కరగడం మొదలైతే అది రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి దిగుతుంది. ఎక్స్‌రేలో ఏమీ కనబడకముందే నిష్పత్తి పడిపోతుంది.

నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి నలభై మంది కూలి ఆడవాళ్ల నమూనాలు తెచ్చింది నస్రీన్. ముప్పైతొమ్మిది దగ్గరదగ్గరగా ఉన్నాయి. పదిహేడోది, హన్మమ్మది, ఒక్కటే ఎక్కడో అడుగున ఉంది. మిగిలిన కాసిన్ని చుక్కలతో మళ్లీ చేసింది. అదే అంకె వచ్చింది.

ప్రొఫెసర్ తొందరపడొద్దన్నాడు. ఇది పరిశోధనే గానీ రోగనిర్ధారణ కాదని, ఒక్క అంకె పట్టుకుని మనిషిని భయపెట్టకూడదని, ఇంకో నమూనా తెమ్మని చెప్పాడు. కానీ సంతకం తీసుకున్న కాగితంలో, తేడా కనబడితే తెలియజేస్తామన్న వాక్యం ఉంది. ఆ వాక్యం రాసింది నస్రీనే. నమూనా తీసుకుని అయిదు నెలలైంది. యంత్రం మీద తమ వంతు వచ్చేదాకా అన్నీ ఫ్రీజర్‌లో ఉండిపోయాయి.

ఊరికి ఫోన్ చేస్తే హన్మమ్మ భర్త శ్రీశైలం ఎత్తాడు. ఆమె మిరపకాయలు తెంపే ముఠాతో ఇటిక్యాల దిక్కు పోయిందట, ఫోన్ కలవడం లేదట. నస్రీన్ కర్నూలు బస్సెక్కి ఎర్రవల్లి చౌరస్తాలో దిగింది. ఆటో మాట్లాడుకుని చేను చేనుకీ ఆగి అడిగింది. ఒకచోట వేరే హన్మమ్మ లేచి నిలబడింది. నాలుగో చేనులో, అందరూ వంగి తెంపుతుంటే ఒక మనిషి మాత్రం నేల మీద కూర్చుని, సాలు వెంట చేతులతో జరుగుతూ తెంపుతోంది.

"నిలబడ్తె నడుం ఇరిగినట్టయితుంది బిడ్డా" అంది హన్మమ్మ, ఆమెను గుర్తుపట్టి.

నస్రీన్ మట్టిలోనే చతికిలబడింది. "పెద్దమ్మా, నీ బొక్కలు కరుగుతున్నట్టు మా మిషన్‌ల వచ్చింది. దవాఖానకు పోదాం. ఇయ్యాల్నే."

హన్మమ్మ చేతిలోని కాయలు పక్కన పెట్టింది. "నేను గా మూత్రం డబ్బా ఇచ్చింది వానకాలంల గదా. గప్పటి సంది ఏం జేస్తున్నవ్?"

నస్రీన్ లేచి, చేయి చాచింది. హన్మమ్మ ఆ చేయి పట్టుకునే లేచింది.

గద్వాలలో ఒక చిన్న దవాఖానలో డాక్టరు అంకెల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇలాంటి పరీక్ష తానెన్నడూ వినలేదన్నాడు. కూలి పనికి పోయేవాళ్లందరికీ నడుము నొప్పే అని మాత్రలు రాశాడు. రక్త పరీక్షలైనా రాయమని నస్రీన్ బతిమాలింది. రెండు చేతులూ జోడించింది. చివరికి అతను విసుక్కుంటూ కలం తీశాడు. రక్తమివ్వడానికి బల్ల మీద నుంచి దిగబోయిన హన్మమ్మ ఒక్క మూలుగు మూలిగి అక్కడే ఒరిగిపోయింది. కాళ్లు తెలియడం లేదంది. గిల్లి చూస్తే కూడా తెలియలేదు.

అంబులెన్స్‌లో హైదరాబాద్ చేరేదాకా నస్రీన్ ఆమె తల తన ఒడిలో పట్టుకుని కూర్చుంది. అల్లాను ఏమని అడగాలో కూడా ఆమెకు తోచలేదు. ఎముకల మూలుగలో క్యాన్సర్ అని మూడు రోజులకు తేలింది. లోపల గుల్లయిన వెన్నుపూస ఒకటి కుంగి నరాలను నొక్కేసింది. మందులకు జబ్బు తగ్గవచ్చని, కాళ్ల సంగతి చెప్పలేమని డాక్టర్లు అన్నారు.

ఊరి నుంచి వచ్చిన శ్రీశైలం, వార్డు బయట గోడకానుకుని నిలబడి మెల్లగా అడిగాడు. "గప్పుడే చెప్పింటే నడుస్తుండెనా మేడం?"

తెల్వదని చెప్పొచ్చు. ప్రొఫెసర్ అయితే అదే చెప్పమనేవాడు.

"నడుస్తుండెనేమో అన్నా" అంది నస్రీన్.

అతను తల ఊపి లోపలికి పోయాడు. భార్యను రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం నర్సు దగ్గర నేర్చుకున్నాడు.

మూడో వారానికి కుడికాలి వేళ్లు కదిలాయి. ఎడమకాలిలో ఏమీ లేదు. నస్రీన్ ప్రతి సాయంత్రం ల్యాబు నుంచి నేరుగా వచ్చి మంచం పక్కన కూర్చునేది. హన్మమ్మ ఆమెతో మాట్లాడేది కాదు. వెళ్లిపొమ్మని కూడా అనలేదు.