వదిన ఫొటో ముందు దీపం

ఆ గోడౌన్‌లో ఎటు చూసినా కుర్చీలే. పిచ్చుకకు మాత్రం పొద్దున్నుంచి కూర్చునే యోగం లేదు. అన్నీ అమ్మకానికి పెట్టిన పాతకాలం కుర్చీలు, ప్రతిదానికీ ‘తాకరాదు’ అని ఒక చీటీ. అమ్మకాల పిల్ల కూర్చుంటే సరుకు విలువ పడిపోతుందట, యజమాని సిద్ధాంతం! ఒకప్పుడు బస్తాలు దింపిన ఇనుప కొక్కేలకు ఇప్పుడు రంగుటద్దాల లాంతర్లు వేలాడుతున్నాయి. పైన రేకులు మాత్రం అవే. సెలవురోజు జనం, రేకుల వేడి, అరికాళ్ల మంట. అయినా నవ్వుతూనే ఉండాలి.

పిచ్చుక అని పేరు పెట్టింది వదినే. తల్లి పోయాక, గుక్క తిప్పుకోకుండా వాగే ఈ ఆడపడుచును పక్కన కూర్చోబెట్టుకుని బుట్టలు అల్లిన మనిషి. అన్న పోయాక కూడా ఆ బుట్టలతోనే ఆమెను చదివించింది. ఇప్పుడా పేము బుట్టలు ఈ గోడౌన్‌లో నడిగోడ మీద, దీపాల వెలుగులో ఉన్నాయి. ఒక్కోదానికి వదిన చేతికొచ్చేది వంద. ఇక్కడి చీటీ మీద రెండున్నర వేలు.

అంత ధర ఎందుకు పలుకుతుందో వదినకు తెలియదు. పిచ్చుకకు తెలుసు. నిరుడు బుట్టలు ఒక్కటీ కదలక, “వీటిని వెనక్కి పంపెయ్, నువ్వూ వాటితోపాటే వెళ్లు” అని యజమాని అన్న రోజున, ఎవరో అడిగితే నోటికొచ్చింది అనేసింది. “అల్లిన మనిషి పోయిందండీ. ఇవే ఆఖరివి.” గోడ మీదున్నవన్నీ సాయంత్రానికి ఖాళీ! మర్నాడే యజమాని పిచ్చుక దగ్గర వదిన ఫొటో అడిగి తీసుకుని, పాత చెక్క చట్రంలో బిగించి, ముందు చిన్న దీపం పెట్టించాడు. రోజూ ఆ దీపం వెలిగించడం పిచ్చుక పని. వెలిగించినప్పుడల్లా, ఛీ, ఏం బతుకే నాది అనుకుంటుంది. జీతం రోజున మర్చిపోతుంది.

“ఏమే పిచ్చుకా! వెనక గుమ్మానికి లారీ అడ్డం పెట్టారు. ఇటే వచ్చేశా.”

పిచ్చుక గిరుక్కున తిరిగింది. చంకలో కొత్త బుట్టల కట్ట, వేళ్లకు పాతగుడ్డ పీలికలు, చెమటలు కక్కుతున్న ముఖం. వదినే.

“వదినా, నువ్వు బయటుండు, నేనొస్తా.”

“ఉండవే, ఎన్నాళ్లనుంచో చూద్దామనుకుంటున్నా. అబ్బో, ఎంత సామానే! ఈ తిరగలి కంటే మనం పారేసిందే నయం కదూ?” అంటూ ముందుకు నడిచింది. ఫొటో కనబడింది. ముఖం వెలిగిపోయింది. తర్వాత చూపు దీపం మీదికి దిగింది. నవ్వు పెదాల మీదే ఆగిపోయింది.

ఫొటో ముందు నిలబడ్డ ఒకావిడ నిట్టూర్చింది. “పాపం, పెద్ద వయసు కూడా కాదు. ఏమైందమ్మా ఈవిడకి?”

పిచ్చుక గోడ మీది బుట్టను సర్దడం మొదలెట్టింది. మెట్ల మీదినుంచి యజమాని చూస్తున్నాడు. వదిన ఆయన్ని చూసింది, పిచ్చుకను చూసింది.

“జ్వరమండీ,” అంది మెల్లగా. “ఎంత చూసినా తగ్గలేదు. మా వీధి మనిషే.”

“మీరూ అల్లుతారా?”

“ఆవిడ దగ్గరే నేర్చుకున్నా.”

“అయ్యో” అంటూ ఆవిడ రెండు బుట్టలు తీసుకుంది. ఫొటోలో ముఖాన్ని అంతసేపు చూసిన మనిషి, పక్కనున్న ముఖాన్ని ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు.

వదిన పక్కకు జరిగి గోడకు ఆనుకుంది. “ముందే చెప్పుంటే లారీ కదిలేదాకా వెనకే ఉండేదాన్నిగా.”

“వదినా, నేను...”

“పోనీలేవే. నీ ఉద్యోగం ఊడితే ఏం తింటావ్? ఈ బుట్టలు ఇంకెవరు కొంటారు? పోయినదాన్ని కదా, నాకు ఆకలేముందిలే!” అని నవ్వబోయింది. బుట్టల కట్టను ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంది.

తిట్టినా బాగుండేది, చెంప పగలగొట్టినా బాగుండేది. పిచ్చుకకు తల తీసేసినట్టయింది. తనకు అన్నం పెట్టిన మనిషి, తన కోసం తన చావును తానే చెప్పుకుంది!

యజమాని దిగివచ్చి గొంతు తగ్గించి అన్నాడు. “సరుకు వెనక కదా దింపాలి? ముందు ఈవిణ్ణి బయటికి పంపు.”

“పంపనండీ.”

ఆ మాట తనే అన్నదని పిచ్చుకకు నమ్మకం కుదరడానికి కాస్త సమయం పట్టింది. నమ్మకం కుదిరాక ఇక ఆగలేదు. అన్నిటికంటే ఖరీదైన చేతుల కుర్చీని బరబరా ఈడ్చుకొచ్చి ఫొటో కింద వేసింది. చీటీ పీకి పారేసింది.

“కూర్చో వదినా.”

“వద్దే పిచ్చిదానా! నీకేమన్నా మతిపోయిందా?”

భుజాలు పట్టుకుని కూర్చోబెట్టింది. దీపం వత్తిని వేళ్లతో నలిపేసింది. వేళ్లు చురుక్కుమన్నాయి.

కుర్చీ చప్పుడుకు బుట్టలావిడ వెనక్కి తిరిగింది. ఫొటోను చూసింది. దాని కింది ముఖాన్ని చూసింది. మళ్లీ ఫొటోను చూసింది. చేతిలోని బుట్టలు కింద పెట్టలేదు, పట్టుకుని ముందుకూ కదల్లేదు.

వదిన కుర్చీ అంచున, ఎవరైనా లేవమంటే లేచిపోయేటట్టు కూర్చుంది. పిచ్చుక ఆమె భుజం మీది చెయ్యి తీయలేదు.