ఊ కొట్టని కథ

ఎండు మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరే పని పొద్దున్నే మొదలవుతుంది. ఆ కల్లంలోనూ అంతే. ఆడకూలీలు ముక్కులకు కొంగులు బిగించుకుని రాశి చుట్టూ కూర్చున్నారు. నడుమ కాపలా కోటమ్మ ఉంది. ‘నేనొచ్చేదాకా కల్లం చూస్తుండు’ అని వాళ్ళ ముత్తాతల నాడు ఆసామి చెప్పి వెళ్ళాడు, తిరిగి రాలేదు. కోటమ్మ లేవలేదు, ముసలిదీ కాలేదు. ఏటా కాయల కింద కొత్త పట్టా పరిచేటప్పుడు ఆమె కింద మాత్రం పాత ముక్క ఉంచేస్తారు.

గుంటూరు నుంచి డాక్యుమెంటరీ తీయడానికి వచ్చిన మహిమకు ఆమె గతి చూస్తే ఒళ్ళు మండింది. మహిమ తల్లీ మిరప కోతల కూలీయే.

“దీన్ని జానపద గాథ అనరు, వెట్టిచాకిరీ అంటారు,” అంది కెమెరా బిగిస్తున్న కరుణాకర్‌తో. “సినిమా పేరు ‘మౌనం కూడా నేరమే’.”

“ముందు తియ్యనీ తల్లీ, పేరు తర్వాత,” అన్నాడతను.

కోటమ్మ కథ చెప్పేది ముసలి మాబూబీ. ఆమె “అనగనగా ఒక ఆసామి” అనగానే అందరూ ఒక్కసారే “ఊ” అన్నారు.

“కట్! మామ్మ మాట మీద మీ గొంతులు పడుతున్నాయి. ఎవరూ ఊ కొట్టొద్దు,” అంది మహిమ.

“ఊ కొట్టకుండా కథెట్టా చెప్పేది అమ్మాయ్?”

“మైకు వింటుందిగా మామ్మా.”

“మైకు ఊ కొడుద్దా?” కూలీల్లో ఉన్న రెబ్కా కిసుక్కున నవ్వింది.

మాబూబీ నవ్వలేదు. “అందరూ కొడితే బరువు తలా కాస్త పడుద్ది. ఎవురూ కొట్టకపోతే కోటమ్మే ఊ కొట్టి నడిచిపోద్ది. ఆ తర్వాత ఇంకెవురన్నా ఊ కొట్టేదాకా కథ ఆగదు. ఆ కొట్టినోళ్ళే కల్లం కాయాల.”

“పోనీ! నాక్కావాల్సిందదే.”

మాబూబీ మళ్ళీ మొదలెట్టింది. ఎవరూ పలకలేదు. మహిమ హెడ్‌ఫోన్లలో పిడచగట్టిన గొంతుతో ఒక “ఊ” వినబడింది. కోటమ్మ లేచి, చీర దులుపుకుని, వెనక్కి చూడకుండా రోడ్డెక్కి వెళ్ళిపోయింది.

“తీశావా?”

“తీశాను,” అన్నాడు కరుణాకర్.

“చాలు మామ్మా, అయిపోయింది!”

మాబూబీ ఆపలేకపోయింది. కథ చివరికి వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చింది. ఘాటుకు దగ్గొచ్చినా దగ్గుల మధ్యనుంచే సాగింది. నోట్లో పోసిన నీళ్ళు మాటలతోపాటే బయటికొచ్చాయి. పెదాలు నల్లబడ్డాయి, కళ్ళు తేలిపోతున్నాయి.

“అందరం కలిసి ఊ అందాం రండమ్మా!” అని అరిచింది మహిమ.

ఆడవాళ్ళు అరచేతులతో నోళ్ళు మూసుకున్నారు. “ఇప్పుడు కలిసన్నా ఒక్కళ్ళనే పట్టుద్ది,” అంది రెబ్కా వేళ్ళ సందులోంచి. “నాకు ఇంటికాడ చంటిది ఉందమ్మా.”

మహిమ హెడ్‌ఫోన్లు తీసేసింది. మాబూబీ ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని “ఊ” అంది.

మాబూబీ నోరు ఆగింది. ఊపిరి అందింది.

“పద మహిమా, పోదాం,” అంటూ కరుణాకర్ బ్యాగు సర్దాడు.

మహిమ అప్పటికే రాశి నడుమకు వెళ్ళి కూర్చుంది.

“నువ్వెళ్ళు. ఆసామి వచ్చేదాకా కల్లం చూడాలిగా,” అంది.

కాలేజీ రోజుల నుంచీ అతనెరిగిన కోపం ఆ గొంతులో లేదు.