కరెంటు పోయిందని చెప్పిన రోజు

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. హెప్సీ ఆడిన అబద్ధం వాళ్ళ ఊరు నర్సాపురంలో అయితే నిక్షేపంగా అతికేది. వోల్ఫ్స్‌బర్గ్‌లో అతకలేదు. "కరెంటు పోయిందండీ" అంది మొగుడితో ఫోన్లో, తాము జర్మనీ వచ్చిన ఆరేళ్ళలో ఒక్కసారీ కరెంటు పోని ఊళ్ళో.

నిజానికి కరెంటు తీసేసింది తనే. వాళ్ళది అద్దె ఇల్లు. ఇంటిని వెచ్చగా ఉంచేది పెరట్లో చిన్న బీరువా అంత ఉన్న హీట్ పంపు. కిందటేడు బిల్లు చూసి జోనాథన్ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు, "ఇలాగైతే నిన్నూ పిల్లనీ ఊరికి పంపేసి, నేను షేరింగ్ రూములో ఉండాల్సిందే" అనేసి ఆఫీసుకి పోయాడు. అన్నవాడు పోయాడు గానీ ఆ మాట హెప్సీ గుండెల్లో దిగబడిపోయింది. నాలుగేళ్ళ లిండా ఇక్కడ పుట్టిన పిల్ల, తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెప్తుంది. దాన్ని చంకనేసుకుని పుట్టింటి గుమ్మంలో దిగితే, "అల్లుడేడీ?" అని ఆదివారం చర్చి అంతా అడుగుతుంది.

అందుకని నవంబరు నుంచి తనకు తెలిసిన పొదుపు మొదలుపెట్టింది. పుట్టింట్లో అయితే గీజరు వెయ్యడం, స్నానం కాగానే ఆపడం. ఆపడం మర్చిపోతే వాళ్ళమ్మ వీపు చీరేసేది. ఇదీ అంతేగా అనుకుంది. పొద్దున్న పిల్లను కీటాలో, అంటే అక్కడి పిల్లల బడిలో, దింపడానికి బయల్దేరేముందు హీట్ పంపు స్విచ్చు దించడం, అట్నుంచి భాషా తరగతికి వెళ్ళి, మూడింటికి పిల్లతో వచ్చి ఎత్తడం. చల్లారిన ఇంటిని మళ్ళీ మొదట్నుంచి కాచాలంటే ఆ యంత్రం ఇంకా ఎక్కువ కరెంటు తాగుతుందని ఆమెకెవరు చెప్పారు? మీటరు తగ్గకపోగా పెరిగింది. పెరిగేకొద్దీ ఇంకాస్త తొందరగా ఆపేది, పిచ్చితల్లి.

ఆ రోజు బయట మైనస్ పద్నాలుగు. మూడింటికి స్విచ్చు ఎత్తితే యంత్రం కదల్లేదు, ఎర్రదీపం ఒకటి వెలిగి ఊరుకుంది. "ప్రభువా, ప్రభువా" అనుకుంటూ జోనాథన్‌కి ఫోన్ చేసింది. అప్పుడు నోరుజారిన మాటే అది. "ఎంతసేపు పోయింది?" అన్నాడతను. "ఓ అరగంట" అంది.

జోనాథన్ మెకానిక్కుకి కబురుపెట్టి, గంటలో తనూ ఇంటికొచ్చాడు. కోటు విప్పకుండానే వంటింట్లోకి నడిచాడు. ఓవెన్ మీద గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. కరెంటు పోయొస్తే దానిమీద సున్నాలు మిణుకుమిణుకుమంటూ ఉండాలి. అతను గడియారం వంక చూశాడు, హెప్సీ వంక చూశాడు. అరిచినా బాగుండేది.  ఊరికి టికెట్లు తీస్తాడు, ఈ నెలలోనే తీస్తాడు అనుకుంది హెప్సీ.

ఇంతలో మెకానిక్ వచ్చాడు, పెద్దవయసాయన. "కరెంటు ఎంతసేపు పోయింది?" అని జర్మన్‌లో అడిగాడు. జోనాథన్ ఓ క్షణం తటపటాయించి, "అరగంట" అన్నాడు. పెళ్ళాన్ని పరాయివాడి ముందు దొంగను చెయ్యడం ఇష్టంలేకపోయింది కాబోలు.

"అయితే ఫరవాలేదు. ఈ చలిలో ఐదారు గంటలు కరెంటు లేకపోయుంటే లోపల నీళ్ళు గడ్డకట్టేవి. అప్పుడు ఆన్ చేస్తే లోపలేదన్నా పగిలి గ్యాసు బయటికొస్తుంది. అది అంటుకునే గ్యాసు" అంటూ ఆయన పెరట్లోకి వెళ్ళి యంత్రం మూత తీశాడు. లిండా ఆయన వెనకాలే వెళ్ళి, పనిముట్ల పెట్టె పక్కన చతికిలబడింది.

ఎనిమిదింటి నుంచి మూడింటిదాకా. ఏడు గంటలు.  చెప్తే కాపురం పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో, అది పెరట్లో కూర్చుని సుత్తితో ఆడుకుంటోంది. ఆయన చెయ్యి మీట మీదికి వెళ్ళింది.

"వద్దు, ఆపండి" అని తెలుగులోనే అరుస్తూ, చెప్పుల్లేని కాళ్ళతో మంచులోకి పరిగెత్తి పిల్లను లాగేసుకుంది. తర్వాత వచ్చీరాని జర్మన్‌లో, "అరగంట కాదు, ఏడు గంటలు. నేనే ఆపాను. నవంబరు నుంచి రోజూ నేనే" అంది.

ఆయన మీట మీంచి చెయ్యి మెల్లగా తీసేశాడు. రేపొచ్చి కరిగించి చూస్తాననీ, అంతదాకా ఎవరూ ముట్టుకోవద్దనీ చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, దీన్ని ఆపకుండా ఓ డిగ్రీ తగ్గించి వదిలేస్తేనే బిల్లు తగ్గుతుందమ్మా అన్నాడు.

చల్లటి హాల్లో ముగ్గురూ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. జోనాథన్ ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతున్నాడు. హెప్సీ అతని మొహంలోకి చూడలేదు.

"టికెట్లు ఎప్పటికి తీస్తున్నారు?" అంది.

"ఏం టికెట్లు?" అన్నాడు జోనాథన్.

అతనికి నిజంగానే గుర్తులేదు. బిల్లొచ్చిన మూడోరోజు గుమ్మంలో నిలబడి అతనేమన్నాడో హెప్సీ అన్నది అన్నట్టే చెప్పింది. పాదాలు రుద్దుతున్న చేతులు ఆగిపోయాయి.