ఒంటి తలుపు

తెల్లారి లేవగానే అక్కకి మొదటి పని తలుపుల గడియలు తీయడం. ఏడు పనులొచ్చు కాబట్టి ఇంట్లో తనవే ఏడు తలుపులు. ఎవరికి ఏ పని వచ్చినా ఇంటి గోడలో ఓ తలుపు మొలుస్తుంది, ఆ పనివాళ్ల వీధిలోకి తెరుచుకుంటుంది. అందరిళ్లలోనూ ఉన్నదే, ఏ ఇంటికీ వేరే వాకిలి ఉండదు. కుట్టుపని తలుపు తీస్తే దర్జీల వీధి, ఫ్యాన్ల రిపేరు తలుపు తీస్తే కరెంటు సామాన్ల వీధి. అడ్డదారి దొరికింది కదా అని ఊళ్లోవాళ్లంతా "కాస్త జరుగక్కా" అంటూ వంటింట్లోంచే నడిచిపోయేవాళ్లు. అక్క తిట్టేది. వాళ్లు నవ్వుతూ పోయేవాళ్లు.

పక్క వాటాలో ఉండే తమ్ముడికి ఒకటే తలుపు. ముప్పై ఏళ్లుగా కళ్లద్దాల ఫ్యాక్టరీలో అద్దాలు అరగదీసి సంపాదించుకున్న నిలువెత్తు టేకు తలుపు. రోజూ దాని ఇత్తడి గడియ తోముకునేవాడు.

ఆ రోజు పొద్దున్నే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మేనకోడల్ని మా ఫ్యాక్టరీలో పెట్టుకుంటామన్నారక్కా. సోమవారం చేరాలి. కానీ దాని తలుపులు మూసేయాలి. పది పనులొచ్చినవాళ్లు ఏ పనిలోనూ కుదురుగా ఉండరని మావాళ్ల నమ్మకం."

"మూసేదేంట్రా? అవి దాని తలుపులు."

"నీ బతుకు చూశాంగా. రెంటికీ చెడ్డ రేవడి అంటారు, నువ్వు ఏడింటికీ చెడ్డావు. దాన్నీ అలాగే చేస్తావా?"

అక్కకి ఒళ్లు మండిపోయింది. మండి మాత్రం ఏం లాభం, నెలాఖరుకి డబ్బాలన్నీ ఖాళీ అయ్యే ఇల్లు మరి. కూతురు తల వంచుకుని "పోనీలేమ్మా" అంది. ఆ మాటకి ఇంకా మండింది.

వేరేవాళ్లయితే వంకరగా కడతారని సిమెంటు తనే కలిపింది. తిట్టుకుంటూనే ఇటుకలు పేర్చింది. పిల్ల కుట్టుపని తలుపు, సైకిలు రిపేరు తలుపు మూసుకుపోయాయి. మూడోది నడుమెత్తు దాకానే పెరిగింది, మాటలు రానివాళ్లతో చేతులతో మాట్లాడటం ఇంకా సగమే వచ్చింది పిల్లకి. దాని మీదా ఇటుకలు పడ్డాయి.

శనివారం ఫ్యాక్టరీలో కొత్త యంత్రం దిగింది. ఇక అద్దాలు అరగదీయడానికి మనుషులక్కర్లేదన్నారు. తమ్ముడు మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకున్నాడు. లేచేసరికి టేకు తలుపు గోడలో కలిసిపోయింది. ఎవరికీ అక్కర్లేని పని తలుపు నిలవదు.

ఇవతల అక్కకి గోడ మీద దబదబా చప్పుడు వినబడింది. "అక్కా, నా తలుపు పోయింది."

అలాంటి గోడ బయటివాళ్ల సుత్తికి లొంగదు. లోపలున్నవాడే ఇంకో పని నేర్చుకోవాలి.

"ఏదో ఒకటి నేర్చుకోరా."

"ఈ వయసులో నాకేం వస్తుందక్కా?"

"నోర్ముయ్. నీకు యాభైకి వయసు అడ్డొచ్చిందా? దానికి పద్దెనిమిదికే గోడ కట్టించావు కదరా. రేపు అదీ నీలాగే లోపలుండి గోడ బాదుకునేది. అదీ నా చేత్తోనే కట్టించావు."

కూతురు గోడకి నోరు ఆనించి, "మామయ్యా, అత్తయ్య పోయాక ఆమె కుట్టు డబ్బా నువ్వు తీయలేదుగా? తీసి, చొక్కాకి ఊడిన బొత్తాం కుట్టు. నేను చెప్తా" అంది.

సూదిలో దారం ఎక్కించడానికే చాలాసేపు పట్టింది. వేలు గుచ్చుకుంది. బొత్తాం తిరగేసి కుట్టానన్నాడు. "విప్పి మళ్లీ కుట్టు" అని అక్క ఇవతల్నుంచి అరిచింది.

బొత్తానికి తగ్గ తలుపే మొలిచింది, మోకాలెత్తు. అందులోంచి పాక్కుంటూ బనీనుతో దర్జీల వీధిలో తేలాడు. అక్క ఇంటి కుట్టుపని తలుపులోంచి లోపలికొచ్చి ఏడవబోయాడు.

అక్క గునపం చేతికిచ్చింది. "ఏడవడం తర్వాత. ముందు ఆ ఇటుకలు తియ్."

గట్టిగా కట్టింది కదా, చెమటలు కక్కాడు. రెండు తలుపులూ బాగానే ఉన్నాయి. మూడోచోట ఇటుకల వెనక ఉత్త గోడ. సగమే వచ్చిన పని తలుపు మూసిపెడితే నిలవదు. అక్క ఆ గోడ తడిమి చూసి, తమ్ముడి వైపు తిరిగింది. తిట్టలేదు. దానికే వాడికి భయమేసింది.

యంత్రం దగ్గర మీట నొక్కడానికి రమ్మని సోమవారం కబురొచ్చింది. పిల్ల వెళ్లలేదు. ఉత్త గోడ ముందు చాప పరిచి, "మళ్లీ మొదట్నుంచి నేర్చుకుంటాలే. నువ్వూ కూర్చో మామయ్యా" అంది.

కోపంగా ఉన్నావా అని చేతులతో ఎలా అడగాలో ముందు చెప్పమన్నాడు. నేర్చుకుని, మొద్దువేళ్లతో అక్కని అడిగాడు.

"కనబడటం లేదా?" అంది అక్క.

గోడ మీద వెంట్రుకంత గీత పడింది.