ఏడిళ్ళ జోలమ్మ

పేరుకే అది పురపాలక సంఘం. ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివరివాళ్ళు తలుపు తీసి చూస్తారు. ఉత్తరాన రాళ్ళగుట్ట, పడమట వాగు, తూర్పున రైలుకట్ట, దక్షిణాన ఇటుకబట్టీ. మధ్యలో మూడు వీధులు, అరవై ఒక్క ఇళ్ళు. ఇదంతా చిన్నకోడలికి ఇప్పుడు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. పది రోజులు చంకన పిల్లనేసుకుని తిరిగి, ఊరి పటం గీసి, ఇంటింటి జనాన్నీ పుస్తకంలోకి ఎక్కించింది తనే మరి.

తొమ్మిదో తరగతితో బడి మానేసిన పిల్లకి జనాభా లెక్కలేమిటని ఆఫీసులో ఒకరిద్దరు మూతి విరిచారు. చేతిరాత చూసి సూపర్‌వైజరే పట్టుబట్టి ఇచ్చాడు. తప్పుల్లేకుండా తెస్తే ఆఫీసులోనే రాతపనికి పెట్టుకుంటానన్నాడు. అందుకే ప్రతి పేజీనీ మూడేసి సార్లు కూడింది. పిల్ల ఏడిస్తే పిల్ల బెంగ, పిల్ల పడుకుంటే లెక్క బెంగ.

సూపర్‌వైజరు కళ్ళజోడు సర్దుకుని పుస్తకం తిరగేశాడు. మొత్తం రెండువందల పంతొమ్మిది మంది. కూడిక సరిగ్గానే ఉంది. ఆమె ఊపిరి పీల్చుకునేలోపే ఆయన వేలు ఒకచోట ఆగింది. తర్వాత ఇంకో పేజీలో ఆగింది. మళ్ళీ ఇంకో పేజీలో.

"ఏమ్మా, రాత్రిళ్ళు పసిపిల్లల్ని చూసుకునే ముసలమ్మలు ఇంత చిన్న ఊళ్ళో ఏడుగురున్నారా?"

ఆమె పుస్తకంలోకి తొంగిచూసింది. ఈ విడతలో పేర్లు రాయరు. వరస, వయసు, పని, అంతే. దర్జీ ఇంట్లో అమ్మమ్మ అన్నారు, అరవై అన్నారు. రైలుగేటతని ఇంట్లో పెద్దమ్మ, డెబ్భై ఎనిమిది. రొట్టెలబట్టీ వాళ్ళింట్లో మేనత్త. ఎవరి నోటికొచ్చిన వయసు వాళ్ళు చెప్పారు. ఆవిడ ఎప్పుడూ 'ఇప్పుడే వెళ్ళింది'. ఇప్పుడు తెలిసొచ్చింది, అందరూ చెప్పింది జోలమ్మ గురించే. ఏ ఇంట్లో బాలింత ఉంటే ఆ ఇంటికెళ్ళి, తల్లి కాస్త కునుకు తీసేలా తెల్లవార్లూ పిల్లని ఒళ్ళో పెట్టుకు కూర్చునే మనిషి.

ఏడో ముసలమ్మ ఏ ఇంట్లో ఉందో ఆయన చెప్పక్కర్లేకపోయింది. "మీ పెద్దత్తని రాశావుగా?" అని అత్తగారు అడిగితే, రాయకుండా ఎలా ఉంటానని, తన చేత్తో తన ఇంట్లోనే రాసుకుంది.

"ఎక్కువగా ఎక్కడ నిద్రపోతే అక్కడి మనిషి. అదీ రూలు. ఒక్కచోట ఉంచి తక్కినవి రేపటికల్లా కొట్టేసి తీసుకురా," అన్నాడాయన. కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది.

ఆ మధ్యాహ్నం ఇల్లిల్లూ తిరిగింది. ఒక్కరూ ఒప్పుకోలేదు. మా పిల్లాడికి మొదటి నవ్వు వచ్చింది ఆవిడ ఒళ్ళోనే, ఎలా తీసేస్తావంది దర్జీ పెళ్ళాం. కావలిస్తే నన్ను కొట్టెయ్, ఆవిణ్ణి ఉంచు, ఈ ఇంట్లో నేను లేకపోయినా నడుస్తుందన్నాడు గేటతను. ఇంటికొస్తే అత్తగారు బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అంది: "చేతికి పెన్నొచ్చిందో లేదో మనుషుల్ని కొట్టేయడం మొదలెట్టావే."

ఇక మిగిలింది జోలమ్మనే అడగడం. మూడో వీధి చివర ఆవిడ గది. చాలాసేపు తలుపు కొడితేగానీ తియ్యలేదు. జుట్టుముడి ఊడిపోయి ఉంది, చెంప మీద చాప గీతలు. చిన్నకోడలు చెప్పడం మొదలుపెట్టింది, సగంలోనే ఏడుపొచ్చేసింది.

అంతా విని జోలమ్మ నవ్వింది. "ఏ ఇంట్లోనూ నేను నిద్రపోలేదే పిల్లా. నన్ను పిలిచేదే మేలుకోవడానికి. నా నిద్రంతా ఇక్కడే, పగటిపూట."

చిన్నకోడలు నాలిక్కరుచుకుంది. లెక్కకి వచ్చినప్పుడు ఈ తలుపు రెండుసార్లు తట్టింది. ఎవరూ పలక్కపోతే పుస్తకంలో 'ఖాళీ' అని రాసేసింది. ఆ మాటా చెప్పేసింది.

"ఖాళీయా? లోపల ఇంత మనిషి గురక పెడుతుంటే?"

అసలు వయసెంతని అడిగితే, ఏడిళ్ళవాళ్ళు చెప్పినవి కలిపి ఏడుతో భాగించుకోమంది. చివరికి డెబ్భై ఒకటని ఒప్పుకుంది. ఇంటి పెద్ద ఎవరన్న గడి దగ్గర చిన్నకోడలు 'తానే' అని రాసి చదివి వినిపించింది. జోలమ్మ ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివింది.

తర్వాత గడప మీద కూర్చుని, స్కేలు పెట్టి ఒక్కొక్క ఇంట్లోంచీ గీత కొట్టుకుంటూ వచ్చింది. ఆరిళ్ళయ్యాయి. ఏడోది తన ఇల్లు. పెన్ను కదల్లేదు. పురిటి తర్వాత నలభై రాత్రులు, పిల్ల ఊపిరి ఆగిపోతుందేమోనని తను దిగ్గున లేచినప్పుడల్లా, 'ఉందిలే, పడుకో' అన్న గొంతు అది.

"కొట్టెయ్ తల్లీ," అంది జోలమ్మ, ఆమె ఒళ్ళోంచి పిల్లని అందుకుంటూ. "గీత కొడితే నేను రాకుండా పోతానా?"

కొట్టేసింది.

మర్నాడు సూపర్‌వైజరు మొత్తం మళ్ళీ కూడాడు. రెండువందల పదమూడు. ఖాళీ ఇళ్ళు లేవు. పగలు నిద్రపోయే మనిషి గురించి ఆమె తడబడకుండా చెబుతుంటే విని, సంతకం పెట్టాడు. సోమవారం తొమ్మిదింటికల్లా వచ్చెయ్యమన్నాడు.

"పిల్లతోనే రావాలండీ," అంది చిన్నకోడలు నేల చూస్తూ.

ఆయన గదంతా ఓసారి కలియజూశాడు. కిటికీ కింద పోగుపడ్డ పాత కాగితాల కట్టల్ని అటకెక్కించి, ఆ కిటికీ కింద శుభ్రంగా ఊడవమని బంట్రోతుకి చెప్పాడు.