స్పీకర్ల వెనక

“ముందువైపు తుడువు, చాలు. వెనక చెయ్యి పెట్టకు. నీకు తెలీదు.”

ఈ ఇంట్లో అడుగుపెట్టిన వారానికి మా ఆయన అన్న మాట ఇది. హాల్లో నా నడుమెత్తున నిలబడి ఉండే ఆ రెండు స్పీకర్లనీ పదకొండేళ్లుగా ముందువైపే తుడుస్తున్నాను. రోజూ పొద్దున, వంటయ్యాక, కాలేజీకి బయల్దేరే ముందు, పొడిగుడ్డతో. వాటికి ఎదురుగా, రెండింటికీ సమాన దూరంలో ఆయన కుర్చీ ఉంటుంది. అక్కడ కూర్చుంటేనే పాట పాటలా వినిపిస్తుందట. అందులో ఇంకెవరూ కూర్చోరు. కుర్చీకి సరిగ్గా వెనక వంటగది గుమ్మం. నేనెప్పుడు విన్నా అక్కడ నిలబడి విన్నదే. గొంతు పల్చగా, ఎవరో పక్కింట్లో పాడుతున్నట్టు వచ్చేది. కొత్తలో ఒకసారి ఆ మాటే అన్నాను. “మా ఆవిడకి చెవులున్నది కమ్మలు పెట్టుకోవడానికే,” అన్నారు స్నేహితుల ముందు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు సంగీతం పట్టదని ఆ రోజే ఒప్పేసుకున్నాను. ఒప్పుకుంటే పని తేలిక.

నిన్న సాయంత్రం ఆయన ఎవరికో చూపించడానికని స్పీకర్ల ముందుండే గుడ్డ జాలీలు తీసి, మళ్లీ పెట్టడం మర్చిపోయారు. ఈ ఉదయం నేను చూసుకోలేదు. అలవాటు చొప్పున గుడ్డ నొక్కి పైనుంచి కిందికి లాగాను. బొటనవేలు మెత్తగా లోపలికి దిగింది. కుడి స్పీకరు మధ్యలో, బోర్లించిన చిన్న గిన్నెలా ఉండే నల్లటి బుడిపె సొట్టపోయింది. భయం వేస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. వెయ్యలేదు. దాన్ని కూడా ఎప్పుడో పొడిగుడ్డతో తుడిచేసినట్టున్నాను.

మా అత్తగారికి చూపు ఆనదు గానీ, ఇంట్లో ఏం చెడినా ముందు ఆవిడకే తెలుస్తుంది.

“ఏమైందే?”

“స్పీకరు సొట్టపోయిందత్తయ్యా. తుడుస్తుంటే.”

“ఇంకేం. వాడొచ్చాడంటే ఇల్లు పీకి పందిరేస్తాడు.”

కాలేజీకి సెలవు చెప్పాను. మా పుట్టింట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని నేను. ఫిజిక్సు. ల్యాబులో సామాను సిద్ధం చెయ్యడం నా ఉద్యోగం. “మీరు వైర్లు కలిపి ఉంచండమ్మా, నేనొచ్చి చెప్తాను,” అంటారు లెక్చరర్ గారు. వచ్చి చెప్తారు. ప్రయోగం పనిచేస్తే పిల్లల వైపు చూస్తారు, పనిచెయ్యకపోతే నా వైపు.

సొట్ట తియ్యడం పెద్ద విద్యేం కాదు. అంటుకునే టేపుని జిగురు పైకొచ్చేలా వేలికి చుట్టి, బుడిపె మీద అద్ది, నిదానంగా లాగాలి. గుంజితే చిరిగిపోతుంది. నాలుగుసార్లు రాలేదు. ఐదోసారి టప్పుమని పైకొచ్చింది. వెంట్రుకంత మడత మిగిలింది.

లోపలి తీగచుట్ట బాగుందో లేదో చూడాలి. ఆంప్లిఫైయర్ ఆపేసి, అక్కడ స్పీకరు వైర్లు విప్పాను. గోడ గడియారంలోంచి సెల్లు తీసి, ఎర్రవైరు ప్లస్సుకీ నల్లవైరు మైనస్సుకీ క్షణంపాటు తాకించాను. ఎడమ స్పీకరు టక్కుమంది, లోపలి పొర ముందుకొచ్చింది. కుడిది కూడా టక్కుమంది. కానీ దాని పొర వెనక్కి పోయింది.

మళ్లీ తాకించాను. మళ్లీ వెనక్కే. సొట్టకీ దీనికీ సంబంధం లేదు. పదకొండేళ్లలో మొదటిసారి దాని వెనక చెయ్యి పెట్టాను. దుమ్ము వేళ్లకి అట్టలా వచ్చింది. దాని కింద, ఎర్రవైరు ఉండాల్సిన చోట నల్లది, నల్లది ఉండాల్సిన చోట ఎర్రది. స్పీకర్లు కొన్న రోజు ఆయనే స్వయంగా బిగించారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ కథ చెప్తారు. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంటుంది. ఇక మధ్యలో గొంతు ఎక్కడ మిగులుతుంది? మొదటి సంవత్సరం పిల్లలు చేసే తప్పు. రోజుకి పదిసార్లు దిద్దుతాను.

నా చెవులకేం కాలేదన్నమాట. సంతోషం వేస్తుందేమోనని చూశాను. అదీ లేదు.

వైర్లు మార్చి, అన్నీ బిగించి, ఒక పాట పెట్టి, ఎప్పట్లా వంటగది గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను. పాడే ఆవిడ రెండు స్పీకర్లలోనూ లేదు. వాటి మధ్య ఖాళీలో నిలబడి పాడుతోంది. ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది.

అత్తయ్య గోడ పట్టుకుని గదిలోంచి వచ్చారు. “ఎవరమ్మా వచ్చింది?”

“ఎవరూ రాలేదత్తయ్యా. పాట.”

“మన పెట్టెల్లోదేనా?” అని, అయిపోయేదాకా అలాగే నిలబడి విన్నారు. జరిగింది చెప్పాను.

“మళ్లీ ఎప్పట్లాగే పెట్టెయ్యి తల్లీ. సొట్ట అంటే నాలుగు తిట్లతో పోతుంది. తప్పు తనదంటే వాడు తట్టుకోలేడు. మీ మామగారి వాచీ పావుగంట వెనక నడిచేది. ఆయనున్నన్నాళ్లూ ఎవరు టైమడిగినా నేను ఆ టైమే చెప్పాను.”

గోడ గడియారంలో సెల్లు పెట్టి, ముళ్లు సరైన టైముకి తిప్పాను. వైర్లు ముట్టుకోలేదు.

సాయంత్రం ఆయనొచ్చి, కుర్చీలో కూర్చుని, అదే పాట పెట్టారు. మొదటి చరణం కాకముందే లేచారు.

“ఎవరు కెలికారు దీన్ని?”

“నేనే. తుడుస్తుంటే సొట్టపడింది, తీశాను. వెనక వైర్లు తిరగబడి ఉన్నాయి, సరిచేశాను.”

“తిరగబడ్డాయా? పదకొండేళ్లుగా వింటున్నవాణ్ణి, నాకు తెలీదా? ఎవరో మీదపడి పాడుతున్నట్టుంది. ముందెలా ఉందో అలా పెట్టు.”

అత్తయ్య మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఇలాంటి మాట వినపడగానే నా చేతులు వాటంతటవే కదిలేవి. వాటి వంక చూశాను. కదల్లేదు.

“వెనక చెయ్యి పెట్టొద్దన్నారుగా. మీరే పెట్టుకోండి.”

ఆయన ఎడమ స్పీకరు వెనక వంగారు. తర్వాత కుడిదాని వెనక మోకాళ్ల మీద కూర్చున్నారు. ఎర్రవైరు పట్టుకున్నారు, వదిలేశారు, నల్లది పట్టుకున్నారు. ఏది ఎక్కడుండేదో ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

పాట ఇంకా సగం ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. వెళ్లి కూర్చున్నాను.